కోత చిన్నదే, నిర్ణయం చిన్నది కాదు

(స్వర్ణోత్సవ సభలో మన బడి పూర్వ విద్యార్థిని, స్త్రీ వైద్య నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం)

  

ఈ సభలో మాట్లాడమని సంఘం వాళ్ళు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలు చెప్పి దిగిపోదామనుకున్నాను. కానీ అదే వారంలో నాకొక ఫోన్ వచ్చింది. మా బ్యాచ్ దోస్తు ఒకరు మస్కట్ నుంచి చేశారు. పేరు చెప్పనని మాటిచ్చి, ఆయన అనుమతి తీసుకునే ఈ సంగతి చెప్తున్నాను. "మేడమ్, మా ఆమెకు నెల నెలా రక్తం బాగా పోతున్నది. గర్భసంచి తీసెయ్యాలె అంటున్నరు. ఇప్పుడు కడుపు కొయ్యరట గద, కంప్యూటర్ ఆపరేషనట. మూడు రోజుల్ల ఇంటికి పంపుతరట. పైసలు పంపాల్నా?" అని అడిగారు. ఆమెకు ఎన్నేళ్ళు అంటే 35 అన్నారు.

ఆ ఫోన్‌లో నేను అయిదు నిమిషాలే మాట్లాడగలిగాను. చెప్పలేకపోయిన మిగతా మాటలు ఇవాళ మీ అందరి ముందు చెప్తాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మేం పదో తరగతిలో ఉన్నప్పుడు జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వస్తే ఆడపిల్లలమంతా తలలు దించుకుని, గబగబా పేజీలు తిప్పేశాం. చెప్పే సార్ సిద్ధంగానే ఉన్నారు, వినేవాళ్ళమే సిద్ధంగా లేము. ఆ రోజు తిప్పేసిన పేజీల ఖరీదు ఎంతో డాక్టర్నయ్యాక తెలిసింది.

ముందు మా చిన్నమ్మ సంగతి చెప్తాను. మా ఇళ్ళల్లో అందరిలాగే ఆమె కూడా బీడీలు చేసేది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, పొద్దుగూకేదాకా వంచిన నడుము. ఇద్దరు పిల్లలు కాగానే ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళకు తెల్లబట్ట, నడుం నొప్పి మొదలయ్యాయి. ఒక ఆర్‌ఎంపీ ఆమెను ఒక ఆసుపత్రికి తోలుకపోయాడు. "సంచికి పుండయింది, ఇట్లనే ఉంచితే క్యాన్సరయితది" అన్నారు. ఆ ఒక్క మాటకు ఇంటిల్లిపాదీ వణికిపోయారు. పుస్తె ఒక్కటి ఉంచి మిగతా బంగారం కుదువబెట్టారు. జానెడు కోత పెట్టి గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారు. అప్పటికి చిన్నమ్మకు 32 ఏళ్ళు.

నేను ఇంటర్ చదువుతున్న రోజులవి. ఆపరేషన్ అయిన ఏడాదికే ఆమెకు ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రిళ్ళు చెమటలు, నిద్ర లేకపోవడం. నలభై అయిదు దాటకముందే ఎముకలు గుల్లబారాయి. బీడీల కార్ఖానాకు నడిచి పోలేకపోయింది. "సంచి పోయింది గనీ పీడ పోలేదు బిడ్డా" అనేది. తెల్లబట్టకు ఆ రోజు కావలసింది బహుశా ఒక వారం మందులు, భర్తకు కూడా అదే మందు. అది నేను మెడిసిన్‌లో చేరిన నాలుగో ఏడు తెలుసుకున్నాను.

ఇక ఈ కంప్యూటర్ ఆపరేషన్ సంగతి. నిజానికి ఆపరేషన్ చేసేది కంప్యూటర్ కాదు, డాక్టరే. దీన్ని ల్యాప్రోస్కోపీ అంటారు. మత్తు ఇచ్చి, బొడ్డు దగ్గర సెంటీమీటరంత రంధ్రం పెడతాం. దాని గుండా కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపుతాం. కడుపు గోడ డేరాలాగా పైకి లేస్తుంది, లోపల పని చేయడానికి చోటు దొరుకుతుంది. ఆ రంధ్రంలోంచే దీపం, కెమెరా ఉన్న సన్నని గొట్టం పోతుంది. లోపలి బొమ్మ ఎదురుగా టీవీ తెర మీద పెద్దగా కనిపిస్తుంది. పక్కల్లో ఇంకో రెండు మూడు చోట్ల అయిదు మిల్లీమీటర్ల రంధ్రాలు పెట్టి, పెన్నులంత సన్నని పరికరాలతో పని చేస్తాం. తెర చూస్తూ చేతులు కదపడం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

దీని చరిత్రలో స్త్రీ వైద్యులదే పెద్ద పాత్ర. పారిస్‌లో రౌల్ పామర్ 1940లలోనే ఆడవాళ్ళ జబ్బులు కనిపెట్టడానికి ఈ పద్ధతి వాడాడు. ఇంగ్లండ్‌లో ప్యాట్రిక్ స్టెప్టో ఈ గొట్టంతోనే ఒక తల్లి అండాన్ని బయటికి తీశాడు. అలా పుట్టిన లూయీస్ బ్రౌన్, 1978 జూలై 25న లోకం చూసిన మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ. జర్మనీలోని కీల్ నగరంలో కుర్ట్ జెమ్ అనే స్త్రీ వైద్యుడు 1980లో ఇదే పద్ధతిలో అపెండిక్స్ తీస్తే, సాటి సర్జన్లు మెచ్చుకోకపోగా మండిపడ్డారు. 1988లో అమెరికాలో హ్యారీ రీచ్ మొదటిసారి ల్యాప్రోస్కోపీతో గర్భసంచి తీశాడు. ఇవాళ జిల్లా కేంద్రాల్లో కూడా ఇది జరుగుతోంది.

దీనివల్ల ప్రాణాలు నిలబడటం నేను కళ్ళారా చూశాను. గర్భం సంచిలో కాకుండా పక్కనున్న ట్యూబులో నిలిస్తే, అది పగిలి గంటల్లో ప్రాణం పోవచ్చు. ముందే కనిపెట్టగలిగితే మూడు చిన్న రంధ్రాలతో ఆ తల్లి ఎల్లుండికి ఇంట్లో ఉంటుంది. అండాశయం మెలిపడి నొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లకు మెలి విప్పి, అండాశయం దక్కించవచ్చు. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేరని అత్తగారింట్లో మాటలు పడే కోడలికి ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూడవచ్చు. నెల నెలా నొప్పితో పడుకునే ఎండోమెట్రియోసిస్ రోగికి ఆ జబ్బు మచ్చలు తీసేయవచ్చు. సంచి మీది గడ్డలు, అంటే ఫైబ్రాయిడ్లు మాత్రమే తీసి, సంచిని భద్రంగా కుట్టవచ్చు. సంచి లోపలి పాలిప్స్, చిన్న గడ్డల కోసం హిస్టరోస్కోపీ ఉంది. కింది దారిలోంచే సన్నని కెమెరా పంపుతాం కాబట్టి కడుపు మీద కోతే ఉండదు. చాలామంది ఆ సాయంత్రమే ఇంటికి పోతారు.

గర్భసంచి నిజంగా తీయాల్సి వచ్చినప్పుడు కూడా పెద్ద కోత కంటే ఇది మేలు. నొప్పి తక్కువ, రక్తం పోవడం తక్కువ, కుట్లు చీము పట్టడం తక్కువ. పెద్ద కోత అయితే ఆరు వారాలు బరువు ఎత్తకూడదంటాం. ఇందులో పైకి కనిపించే గాయం తొందరగా మానుతుంది, మామూలు పనులకు రెండు మూడు వారాల్లో తిరగవచ్చు. లోపలి కుట్టు మానడానికి మాత్రం టైము కావాలి. కాబట్టి రంధ్రాలు చిన్నవే కదా అని పదో రోజు వరి నాటుకు పోవద్దు.

కోతే లేకుండా కింది దారిలో సంచి తీసే పద్ధతి ల్యాప్రోస్కోపీ కంటే ఎంతో పాతది. సంచి జారిన పెద్దామెకు చాలాసార్లు అదే సరైనది, ఖర్చు కూడా తక్కువ. తెర ఉందా లేదా అన్నదాన్ని బట్టి డాక్టర్ గొప్పతనాన్ని కొలవకండి.

దీనికి హద్దులూ ఉన్నాయి. గర్భసంచి పక్కనే మూత్రసంచి, మూత్రనాళాలు, పేగులు ఉంటాయి. ఏ పద్ధతిలోనైనా వాటికి దెబ్బ తగలవచ్చు. ముందు రెండు మూడు సిజేరియన్లు అయినవాళ్ళకు లోపల అవయవాలు అతుక్కుని ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60కి పైగా సిజేరియన్లే. దేశం మొత్తానికి తీసుకుంటే ఆ లెక్క 21. కాబట్టి రాబోయే రోజుల్లో మా ఆపరేషన్లు సులువవుతాయని అనుకోవడం లేదు. మధ్యలో కష్టమైతే డాక్టర్ కడుపు తెరవాల్సి వస్తుంది. అలా తెరవడం ఓటమి కాదు, బుద్ధిమంతుల పని.

క్యాన్సర్‌లో ఇంకా జాగ్రత్త కావాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో చేసే పెద్ద ఆపరేషన్‌కు చిన్న రంధ్రాలు మంచివా, పెద్ద కోత మంచిదా అని ఒక అంతర్జాతీయ అధ్యయనం చేశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. నాలుగున్నరేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు పెద్ద కోత వాళ్ళలో 96 శాతం, చిన్న రంధ్రాల వాళ్ళలో 86 శాతం. చిన్న కోతే ఎప్పుడూ మంచిదనుకున్న మాకు అది పెద్ద పాఠం. గడ్డలను లోపలే ముక్కలు చేసి తీసే మెషీన్ గురించి కూడా 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. గడ్డలో కనిపించని క్యాన్సర్ ఉంటే అది కడుపంతా చిమ్ముతుందని దాని భయం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా చిన్నమ్మకు ఆ రోజు జానెడు కోతకు బదులు మూడు చిన్న రంధ్రాలతో సంచి తీసి ఉంటే, అది మంచి వైద్యం అయ్యేదా? కాదు. అక్కరలేని ఆపరేషన్‌ను ఎంత నాజూగ్గా చేసినా అది అక్కరలేని ఆపరేషనే. పైగా కోత చిన్నదైన కొద్దీ జనానికి భయం తగ్గింది. వెనకట కడుపు కోస్తారంటే పది మందిని అడిగేవాళ్ళు. ఇప్పుడు మూడు రోజుల్లో అయిపోతుందంటే ఎవరినీ అడగడం లేదు.

మన లెక్కలు చూడండి. ఇందాక చెప్పిన సర్వేలోనే 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. తెలంగాణలో ఎనిమిది మంది పైన. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా కొంచెం ఎక్కువ. దేశంలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో సగం మందికి 35 ఏళ్ళ లోపే అయింది. మూడింట రెండు వంతుల పైన ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. ఇంకొక సంగతి ఈ బడిలో తప్పక చెప్పాలి. బడికి పోని ఆడవాళ్ళలో ఈ ఆపరేషన్ ఎక్కువ, చదువు పెరిగిన కొద్దీ తక్కువ. మా సార్లూ మేడమ్‌లూ మాకు అక్షరాలు నేర్పినప్పుడు మా ఒంటికి కూడా కాపలా పెట్టారన్నమాట.

మన దగ్గరే ఎందుకింత ఎక్కువ? ఒక కారణం తొందరగా పెళ్ళి, తొందరగా కాన్పులు, తొందరగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్. తెలంగాణలో పెళ్ళయినవాళ్ళలో నూటికి 62 మంది ఆడవాళ్ళు ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. పాతికేళ్ళకే పిల్లలు చాలనుకున్నాక "ఇంక సంచితోని ఏం పని?" అన్న మాట ఇంట్లోకి వస్తుంది. పాడైన మోటారును పక్కన పడేసినట్టు మాట్లాడుతారు. ఆ మాట బయటివాళ్ళే కాదు, ఆడవాళ్ళే అంటారు. బీడీల చాట ముందు గంటలు గంటలు కూర్చునేవాళ్ళకు, మోకాలి లోతు బురదలో నాటు వేసేవాళ్ళకు నెలసరి నిజంగానే కష్టం. గల్ఫ్‌లో ఉన్న భర్తకు ఫోన్లో చెప్పుకోలేరు. పక్కింటామె చేయించుకుని హాయిగా ఉందని వింటారు. పైన క్యాన్సర్ భయం ఒకటి.

రెండో కారణం డబ్బు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదలకు అది గొప్ప మేలు చేసింది. అయితే ప్రైవేటులో గర్భసంచి ఆపరేషన్లు ఎంతగా పెరిగాయంటే, తర్వాత ప్రభుత్వం ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి దంపతులు మెదక్ జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, చిన్న వయసులో సంచి పోయిన ఆడవాళ్ళ కథలు లెక్కలతో సహా బయటపెట్టారు. మా వృత్తిలోని వాళ్ళే మా వృత్తిని నిలదీశారు. వాళ్ళంటే నాకు గౌరవం. 2013లో బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ ఉదంతాల మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ అక్కరలేని గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలో కూడా పర్యవేక్షణ కమిటీ ఉండాలన్నది అందులో ఒకటి.

ఇతరుల తప్పులు చెప్పి నా తప్పు దాచుకుంటే ఈ వేదికకు మర్యాద కాదు. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడు. అప్పటికి ల్యాప్రోస్కోపీ కొత్తగా చేతికొచ్చింది, ఉత్సాహం కూడా ఎక్కువే. 36 ఏళ్ళామె వచ్చింది. రక్తం ఎక్కువ పోతుందంది. నెల రోజుల మందు ఇచ్చాను. మళ్ళీ వచ్చింది, వెంట అత్తమ్మ, ఆడబిడ్డ. "తీసెయ్యమ్మా, దీనితోని ఎన్నిరోజులు తిరుగుతం" అన్నారు. లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేయించలేదు, థైరాయిడ్ చూడలేదు. తీసేశాను. ఆపరేషన్ అద్దంలాగా అయింది. రెండో రోజు నవ్వుకుంటూ ఇంటికి పోయింది. పది రోజులకు పాథాలజీ రిపోర్టు వచ్చింది. సంచిలో చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదని రాసి ఉంది.

ఆ కాగితం ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. ఆమె నన్నెప్పుడూ ఏమీ అనలేదు. పైగా పండక్కి కూరగాయలు తెచ్చి ఇచ్చింది. అదే నాకు ఎక్కువ బాధ. ఆ తర్వాత నుంచి ఏ గర్భసంచి తీసినా, రిపోర్టు వచ్చాక రోగిని కూర్చోబెట్టి చదివి చెప్తాను. ఆ రిపోర్టు అడిగి తీసుకోవడం మీ హక్కు. అడిగేవాళ్ళుంటే మా చేతులు కూడా ఆచితూచి కదులుతాయి.

చిన్న రంధ్రం వెనక ఇంకో సంగతి ఉంది, అదీ మన రాష్ట్రంలోదే. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్ళకు ల్యాప్రోస్కోపీతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. అందరూ చిన్న పిల్లల తల్లులు. మిగతా 30 మందిని హైదరాబాద్‌కు తెచ్చి కాపాడుకోవాల్సి వచ్చింది. ఇన్ఫెక్షన్ రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తల్లో లోపాలు బయటపడ్డాయి. అంతకుముందు 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక క్యాంపులో కొన్ని గంటల్లోనే 83 మందికి చేస్తే పది మందికి పైగా పోయారు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్ళలో ఈ క్యాంపుల పద్ధతికే స్వస్తి చెప్పాలంది. ట్యూబులు కట్టే ఆపరేషన్ నిమిషాల పని. ఒకరి తర్వాత ఒకరికి వాడే పరికరాన్ని సరిగా శుద్ధి చేయడానికి పట్టే టైము దానికంటే ఎక్కువ. ఆ టైము మిగుల్చుకుందామని చూస్తే క్రిమికి ఆ చిన్న రంధ్రం చాలు.

ఇక్కడ మగవాళ్ళకు ఒక మాట. అన్నలూ, తమ్ముళ్ళూ, మీకు చేసే ఆపరేషన్ ఇంకా చిన్నది. కత్తి పెట్టకుండా, కుట్టు వేయకుండా చేసే వేసెక్టమీ పద్ధతిని చైనాలో లీ షున్‌చియాంగ్ అనే డాక్టర్ 1974లో కనిపెట్టాడు. కడుపు తెరవక్కరలేదు, పూర్తి మత్తు అక్కరలేదు. బలం తగ్గదు, బరువులెత్తే పనీ ఆగదు. అయినా ఇంట్లో ఎవరికి ఆపరేషన్ అంటే అందరి చూపూ ఆమె వైపే పోతుంది. ఒక్కసారి ఆలోచించండి.

మరి రక్తం ఎక్కువ పోతే ఏం చేయాలి? ముందు కారణం వెతకాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, స్కానింగ్ చేయించాలి. నలభై దాటినవాళ్ళకు, లేదా మందులకు తగ్గనివాళ్ళకు సంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. స్కానింగ్‌లో ఒక చిన్న గడ్డ కనబడగానే బెదిరిపోకండి. సంచి బయటి వైపున్న చిన్న గడ్డ చాలాసార్లు ఏ హానీ చేయదు. ఫైబ్రాయిడ్లు క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. నెలసరి ఆగిపోయాక అవి వాటంతట అవే కుంచించుకుపోతాయి.

మందులు చాలానే ఉన్నాయి. రక్తస్రావం ఉన్న రోజుల్లో మాత్రమే వేసుకునే బిళ్ళలున్నాయి. హార్మోన్ బిళ్ళలున్నాయి. లక్నోలోని మన కేంద్ర పరిశోధన సంస్థలో తయారైన మందు ఒకటి ఉంది, ప్రభుత్వం దాన్ని ఛాయ పేరుతో గర్భ నిరోధానికి ఉచితంగా ఇస్తోంది. ఎక్కువ రక్తస్రావానికి కూడా దాన్ని వాడుతాం. హార్మోన్ ఉన్న లూపు ఇంకొకటి. ఓపీలోనే అయిదు నిమిషాల్లో సంచిలో పెడతాం, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. మొదటి కొన్ని నెలలు కొంచెం కొంచెం మరకలు కనబడతాయి. అప్పుడే తీయించేయకుండా ఓపిక పట్టినవాళ్ళలో చాలామందికి ఆపరేషన్ అవసరమే రాలేదు. ఇవన్నీ ఎవరికి పడితే వాళ్ళకు సరిపడవు, డాక్టర్ చూసి ఇవ్వాల్సిందే. కానీ ఇవి ఉన్నాయని మీకు తెలిసి ఉండాలి.

క్యాన్సర్ భయానికి మందు సంచి తీయడం కాదు, పరీక్ష. ముప్పై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వారం మీద వెనిగర్ లాంటి ద్రావణం అద్ది చూసే పరీక్ష ఉంది. శిక్షణ పొందిన నర్సు కూడా చేయగలదు, ఖర్చు దాదాపు ఏమీ లేదు. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్ళు ఒకటిన్నర లక్షల మంది బస్తీ ఆడవాళ్ళతో ఏళ్ళపాటు చేసిన అధ్యయనంలో, ఈ పరీక్ష చేసిన చోట ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. ముందు దశలో దొరికితే ఆ కొంచెం చోటు వరకే కాల్చి, లేదా తీసేసి బాగు చేస్తాం. సంచి సంచిలాగే ఉంటుంది. ఆడపిల్లలకు తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య హెచ్‌పీవీ టీకా వేయిస్తే ఈ జబ్బు రాకుండానే చాలావరకు ఆపవచ్చు.

ఇదంతా విని ఏ ఆపరేషనూ వద్దని ఇంటికి పోకండి. క్యాన్సర్ ఉన్నా, గడ్డలు పెద్దవై మూత్రానికి అడ్డం పడుతున్నా, అన్ని మందులూ వాడినా రక్తం ఆగక మనిషి పాలిపోతున్నా, సంచి జారి కూర్చోలేకపోతున్నా ఆపరేషన్ చేయించుకోవాలి. ఆలస్యం చేస్తే ముప్పు. నెలసరి పూర్తిగా ఆగిపోయిన ఏడాది తర్వాత మళ్ళీ రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కైనా సరే, ఆ వారమే డాక్టర్‌కు చూపించుకోవాలి.

ఎవరైనా గర్భసంచి తీయాలన్నప్పుడు కొన్ని ప్రశ్నలు అడగండి. నాకున్న జబ్బు పేరేమిటి, కాగితం మీద రాసిస్తారా? మందులతో, లూపుతో చూడవచ్చా? ఆర్నెల్లు ఆగితే ఏమవుతుంది? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా, తీస్తే ఎందుకు? ఏ దారిలో చేస్తారు, మీరిలాంటివి ఎన్ని చేశారు? ఇవి అడిగితే మంచి డాక్టర్ కోపం చేయడు. కోపం చేస్తే ఇంకొక డాక్టర్ దగ్గరికి పోవడం మీ ఇష్టం. జగిత్యాలలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. రెండో అభిప్రాయం కోసం హైదరాబాద్ దాకా పోనక్కరలేదు.

అండాశయాల ప్రశ్న మాత్రం మరిచిపోకండి. చిన్న వయసులో అవి తీసేస్తే ఒక్కసారిగా నెలసరి ఆగిన ముసలితనం వచ్చి పడుతుంది. ఎముకలకు, గుండెకు నష్టం. సంచి మాత్రమే తీసి అండాశయాలు ఉంచినా, కొందరికి అవి ముందుగానే నీరసిస్తాయి. మా చిన్నమ్మను ఈ ప్రశ్న ఎవరూ అడగనివ్వలేదు. అడగాలని ఆమెకు తెలియనూ లేదు.

మస్కట్ దోస్తు భార్య సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన పైసలు పంపకుండా ఆమెను నా దగ్గరికి పంపారు. హిమోగ్లోబిన్ ఏడు. థైరాయిడ్ గాడి తప్పి ఉంది. స్కానింగ్‌లో సంచి బయటి వైపు రెండు సెంటీమీటర్ల గడ్డ, దాన్ని చూపించే ఆపరేషన్ అన్నారు. పొర పరీక్షలో ఏమీ లేదు. థైరాయిడ్ బిళ్ళ, రక్తం పెరగడానికి ఐరన్ ఇంజెక్షన్లు, హార్మోన్ లూపు. మొదటి మూడు నెలలు ఆమె నన్ను తిట్టుకునే ఉంటుంది. నిన్న రాత్రి ఫోన్ చేసింది. "మేడమ్, రక్తం పదకొండుకొచ్చింది. పొలానికి పోతున్న" అంది. రేపు ఎప్పుడైనా ఆమెకు నిజంగా ఆపరేషన్ కావలసి రావచ్చు. వస్తే చిన్న రంధ్రాలతో నేనే చేస్తాను. అప్పుడు ఎందుకు చేస్తున్నామో ఆమెకూ తెలిసి ఉంటుంది.

సంఘానికి నాదొక విన్నపం. స్వర్ణోత్సవం గుర్తుగా గేటు కట్టండి, స్టేజీ కట్టండి, నా వంతు నేనూ ఇస్తాను. దాంతోపాటు ఏడాదికి ఒక రోజు ఈ బడి ఆవరణలో మన ఊరి అక్కలకు, చెల్లెళ్ళకు పరీక్షల రోజు పెట్టుకుందాం. రక్తం ఎంత ఉందో చూద్దాం, క్యాన్సర్ పరీక్ష చేద్దాం. మన పూర్వ విద్యార్థుల్లో నర్సులున్నారు, ల్యాబ్ టెక్నీషియన్లున్నారు, డాక్టర్లున్నారు. నేను ప్రతి ఏడూ వస్తానని ఇక్కడే మాటిస్తున్నాను. టీచర్లకు ఇంకొక విన్నపం. పదో తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడు ఒక ఫోన్ చేయండి. బడి పిల్లలకు ఆ రోజు పాఠం నేను చెప్తాను. ఈసారి ఎవరూ పేజీలు తిప్పకుండా చూసుకునే పూచీ నాది.